ఒకే సెకనులో రెండు లైన్లు

కంట్రోల్, సీ. రెండు మీటలు, రెండు వేళ్లు. నల్ల తెర మీద నడుస్తున్న ప్రోగ్రామును ఆపడానికి ఇంతకంటే చిన్న పని కంప్యూటర్ల లోకంలో లేదు. నోయిడాలో ఇరవై తొమ్మిదేళ్లు ప్రోగ్రాములు రాసి రిటైరయ్యాను. ఇన్నేళ్లలో నువ్వు నిజంగా నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే ఈ రెండు మీటల గురించే చెబుతాను. మా ఇంట్లోవాళ్లయితే నేను ఈ మాట ఎత్తగానే కంచాలు తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోతారు. మీరు మాత్రం కాసేపు కూర్చోండి.

మా చెల్లెలి కూతురు హర్షిత ఢిల్లీలో కటవారియా సరాయ్‌ అనే పేటలో గది తీసుకుని చదువుకుంటోంది. ఆ మధ్య ఒక ఆదివారం భోజనానికి వచ్చింది. తన ప్రోగ్రాములో నాలుగు థ్రెడ్లు పెట్టిందట, కంట్రోల్ సీ కొడితే ఆగడం లేదట, అందుకని ప్రతిసారీ తెర మీది కిటికీ మూలనున్న అడ్డగుర్తు నొక్కి చంపేస్తోందట. అలా చేయకూడదే అన్నాను. "ఆగిపోతే చాలు కదా పెద్దమ్మా, ఎలా ఆగితే ఏంటి?" అంది, పప్పులో నెయ్యి వేసుకుంటూ. నాకు ముందు కోపం వచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. దాని వయసులో నేనూ ఇదే మాట, ఇంకాస్త పొగరుగా అన్నాను. ఆ పిల్ల కోసం, దాని ఈడు వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల కథలు ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు.

గంట మోగితే లేచేది ఎవరు?

ప్రోగ్రామును ఒక ఇల్లు అనుకోండి. థ్రెడ్లు ఆ ఇంట్లో మనుషులు. అందరిదీ ఒకే వంటగది, ఒకే సామాను, ఎవరి పని వాళ్లది. మీరు కంట్రోల్ సీ కొట్టడమంటే బయటి నుంచి తలుపు గంట కొట్టడం. ఇంట్లో పది మంది ఉన్నప్పుడు గంట మోగితే లేచి వచ్చేది ఎవరు? అసలు మజా అంతా ఈ ప్రశ్నలోనే ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లలో దీన్ని అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

యూనిక్స్ జాతి సిస్టమ్‌లలో, చెవులు మూసుకోని వాళ్లలో ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని లాగుతారు. ఆ మనిషి పొయ్యి మీద పాలు పొంగుతుండగా గరిట పట్టుకుని ఉన్నా సరే, ఉన్నపళంగా రావాల్సిందే. తలుపు దగ్గర చేయాల్సిన పనికి అదే పొయ్యి ఖాళీ కావాలని మీరు రాసి పెట్టారనుకోండి, పొయ్యి ఆక్రమించి కూర్చున్నది ఆయనే కాబట్టి ఆ పని ఇక ఎప్పటికీ తెమలదు. ప్రోగ్రాము రాయిలా బిగుసుకుపోతుంది. పైథాన్ లాంటి భాషల్లో ఎప్పుడూ ఇంటి పెద్దకే, అంటే ప్రధాన థ్రెడ్‌కే, కబురు అందుతుంది. ఆయన విని బయటకు వస్తాడు గానీ మిగతా నలుగురికీ చెప్పే దిక్కుండదు. వాళ్లు పని ముగించుకుని వస్తే గానీ ఇంటికి తాళం పడదు. హర్షిత ప్రోగ్రాము ఆగకపోవడానికి కారణం ఇదే. కేకేసి చెప్పే ఏర్పాటు ఒకటి నువ్వే చేయాలే తల్లీ అన్నాను.

విండోస్‌ది మూడో పద్ధతి. గంట మోగగానే సిస్టమ్ ఒక సరికొత్త మనిషిని పుట్టించి ఇంట్లోకి పంపిస్తుంది. ఆ కొత్త థ్రెడ్‌కు ఉన్నది ఒకే పని, గంట మోగిందని చెప్పడం. పాతవాళ్లెవరి చెయ్యీ ఎవరూ లాగరు. వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. నేను ఈ మర్యాదను నమ్మే మోసపోయాను.

మల్హోత్రా సార్

నా మొదటి బాస్ మల్హోత్రా సార్. చివరి బాస్ కూడా ఆయనే, మధ్యలో ఇద్దరు ముగ్గురు వచ్చి వెళ్లారంతే. చేరిన కొత్తలో నేను ఆ కబురు చెప్పే థ్రెడ్ నెత్తిన ఇంటెడు చాకిరీ పెట్టాను. ఫైళ్లు మూయడం, లెక్క సరిచూడడం, తెర మీద వీడ్కోలు రాయడం అన్నీ దానివే. సార్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో లైనూ తీసేయమని నాతోనే తీయించారు. చివరికి ఒకే ఒక్క లైను మిగిలింది, జెండా ఎత్తడం, అంటే ఆపమన్నారని అందరికీ కనిపించేలా ఒక గుర్తు పెట్టడం. కబురు తెచ్చినవాడు జెండా ఎత్తి తప్పుకోవాలి, ఇల్లు సర్దుకోవడం ఇంట్లోవాళ్ల పని అన్నారు. నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఆ సూత్రం ఇప్పటికీ నిజమే, రాసి పెట్టుకోండి.

ఆయన గొప్ప గురువు. కోపం ఎక్కువ, చాయ్ ఇంకా ఎక్కువ. తప్పు ఒప్పుకోవడం మాత్రం ఆయనకు చేతకాలేదు. నాకూ ఆ రోజుల్లో పెద్దగా చేతనయ్యేది కాదు, ఆ సంగతి ఇప్పుడే చెబుతాను.

నల్ల కిటికీ

మాది చిన్న కంపెనీ. ఆసుపత్రి ల్యాబుల్లో రక్తం పరీక్షించే యంత్రాలను కంప్యూటర్‌కు కలిపే ప్రోగ్రాములు రాసేవాళ్లం. బొమ్మలూ రంగులూ లేని నల్ల కిటికీ. టెక్నీషియన్ ట్యూబు మీది బార్‌కోడ్‌ను స్కానర్‌తో చదివిస్తే ఆ నంబరు కీబోర్డు మీద కొట్టినట్టే వచ్చి కిటికీలో పడేది. ప్రధాన థ్రెడ్ కీబోర్డు వైపు చూస్తూ ఆ నంబర్లను వరసగా నిలబెట్టేది. రెండో థ్రెడ్ యంత్రం వైపు చెవి పెట్టి, ఫలితం రాగానే వరసలో అందరికంటే ముందున్న నంబరు కింద రాసేది. ఓపీలో టోకెన్ల పద్ధతి ఉంటుంది చూశారూ, అచ్చం అదే.

ఒకే ట్యూబును రెండోసారి పరీక్షించాలంటే మళ్లీ స్కాన్ చేయాలి, అది టెక్నీషియన్లకు విసుగు. అందుకని ఊరికే ఎంటర్ కొడితే పాత నంబరే మరోసారి వరసలో చేరేలా నేనొక సదుపాయం పెట్టాను. ల్యాబుల్లో అందరూ మెచ్చుకున్నారు. నేను చంకలు గుద్దుకున్నాను.

ఆ ల్యాబుల్లో ఒక కట్టుబాటు ఉండేది. కుర్చీ వదిలి వెళ్లేవాళ్లు ప్రోగ్రాము ఆపే వెళ్లాలి. ప్రతి రిపోర్టు కిందా కుర్చీలో కూర్చున్న మనిషి పేరు పడుతుంది కాబట్టి ఆ జాగ్రత్త. లంచ్‌కు లేచే ముందు కంట్రోల్ సీ, తిరిగొచ్చాక తమ పేరు కొట్టి మళ్లీ మొదలు. ఆపే సమయానికి వరసలో ఇంకా నంబర్లు మిగిలి ఉంటే ప్రోగ్రాము వాటిని దాచిపెట్టి, తిరిగి తెరిచినప్పుడు ముందు వరసలో నిలబెట్టేది. ఇదీ నేను రాసిందే. ఎన్ని మిగిలాయో తెర మీద ఒక మూల చిన్న అంకె కనిపించేది. అంత చిన్న అంకెను ఎవరూ చూడరని నాకు తట్టకపోవడం నా తెలివితక్కువతనం.

సోమవారం రాసిన ఉత్తరం

ఒక సోమవారం ఢిల్లీలోని ఒక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ముందటి శుక్రవారం వాళ్ల ల్యాబులో మూడు రిపోర్టులు తారుమారయ్యాయి. వార్డులో మంచం మీద కూర్చుని హాయిగా పేపరు చదువుకుంటున్న ఒకాయనకు హిమోగ్లోబిన్ పాతాళంలో ఉందని రిపోర్టు వచ్చింది. రక్తం ఎక్కించడానికి సిద్ధం చేశారు. డాక్టరమ్మకు అనుమానం వచ్చి ఆయన కింది రెప్ప లాగి చూసి, మళ్లీ పరీక్ష చేయించింది. నిజంగా రక్తం లేని మనిషి ఒక గర్భిణి. ఆమెకు అంతా బాగుందని రిపోర్టు ఇచ్చి ఇంటికి పంపించారు. గేటు దాటి ఆటో మాట్లాడుకుంటుంటే పరుగెత్తుకెళ్లి వెనక్కి తీసుకొచ్చారు. అదృష్టం బాగుండి ఇద్దరికీ ఏమీ కాలేదు.

ఆ మధ్యాహ్నం కుర్చీలో ఉన్న టెక్నీషియన్ పేరు రాణి. ఒక ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. తప్పు ఆమెదా, ప్రోగ్రాముదా తేల్చడానికి గురువారం ముగ్గురు సభ్యులతో విచారణ పెట్టారు. మా మాట రాతపూర్వకంగా కావాలన్నారు.

మా ప్రోగ్రాము తాను చేసిన ప్రతి పనినీ సమయంతో సహా ఒక ఫైల్లో రాసుకునేది. దాన్ని లాగ్ అంటాం. తెప్పించి చూశాను. రాణి లంచ్‌కు లేచిన సమయంలో రెండు లైన్లున్నాయి. మొదటిది, ఆపరేటర్ ఎంటర్ కొట్టారు, పాత నంబరు మళ్లీ చేర్చాను. రెండోది, ఆపరేటర్ ఆపమన్నారు, ఆపుతున్నాను. ఇంకేం కావాలి! లేచేటప్పుడు చెయ్యి ఎంటర్ మీద పడింది. వరసలో ఒక దొంగ టోకెన్ చేరింది, ఆ పేపరు చదివే ఆయన నంబరుతో. లంచ్ తర్వాత గర్భిణి ఫలితం ఆయన కింద పడింది, తర్వాతి మనిషి ఫలితం గర్భిణి కింద పడింది, అలా పట్టుబడేలోగా మూడు రిపోర్టులు ఒక్కో మెట్టు జరిగిపోయాయి. గంటలో ఉత్తరం రాసి పంపించేశాను. ప్రోగ్రాములో లోపం లేదు, ఆపరేటర్ పొరపాటున ఎంటర్ నొక్కినట్టు లాగ్‌లో స్పష్టంగా ఉంది అని. కింద నా సంతకం. అంత తొందరగా తేల్చేసినందుకు మల్హోత్రా సార్ శభాష్ అన్నారు కూడా.

డబ్బా పట్టుకుని వచ్చిన మనిషి

మంగళవారం రాణి మెట్రో ఎక్కి నోయిడా వచ్చేసింది. ముప్పై ఏళ్లుంటాయి. భుజానికి సంచీ, సంచీలో లంచ్ డబ్బా. రిసెప్షన్‌లో హిందీలో నా పేరు అడుగుతోంది. నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతూ అటుగా వచ్చాను. నా మాట విని ఆగింది. మీరు తెలుగువాళ్లా మేడమ్ అని అడిగి, ఆ వెంటనే కళ్లనీళ్లు పెట్టుకుంది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. వాళ్లది నరసాపురం దగ్గర. వాళ్లమ్మ అదే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది.

"నేను ఎంటరు కొట్టలేదండి మేడమ్," అంది. "కంట్రోల్ సీ ఒక్కటే కొట్టానండి. కొట్టేసి డబ్బా తీసుకుని ఎల్లిపోయాను."

కావాలని కొట్టావని ఎవరూ అనలేదమ్మా, చెయ్యి తగిలి ఉంటుంది, ఎవరికైనా జరిగేదే అన్నాను. ఓదారుస్తున్నాననే అనుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మా అమ్మ పేరు చెప్పుకునే నాకు ఆ కుర్చీ ఇచ్చారండి. ఇప్పుడు తీసేస్తే ఏజెన్సీవాళ్లు ఢిల్లీలో ఇంకెక్కడికీ పంపరు. అది పోతే పోయిందండి. నేను కొట్టనిది కొట్టానని ఒప్పుకోమంటే ఎలాగండి?"

నేను లాగ్ చూపించాను. ఇదిగో, నువ్వు కొట్టినట్టు ఇక్కడ ఉంది అన్నాను. ఆమెకు ఆ ఇంగ్లీషు లైన్లు సరిగ్గా అర్థం కాలేదు గానీ అంకెలు అర్థమయ్యాయి. వేలు పెట్టి చూపించి, రెండిటి టైమూ ఒకటేనా అని అడిగింది. అవును, ఒకటే, సెకను కూడా తేడా లేదు. లేస్తూ టకటకా కొట్టి ఉంటావు అన్నాను. ఆమె సంచీ భుజాన వేసుకుని లేచింది. వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి ఒక్క మాట అంది.

"మీ ఆఫీసులో కాదండి మేడమ్. నా కుర్చీలో కూర్చుని ఒకసారి కొట్టి చూడండి."

రీడ్ ఖాళీ చేతులతో వచ్చింది

ఆమె వెళ్లాక నాకు పని సాగలేదు. ఒకే సెకను. నా కీబోర్డు మీద ఎంటర్, కంట్రోల్ సీ రెండూ ఒక్క సెకనులో కొట్టి చూశాను. కొట్టొచ్చు. అయితే లంచ్‌కు లేచే మనిషికి అంత తొందరేమిటి? డబ్బా ఎక్కడికీ పారిపోదు కదా.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. ఆ రెండు లైన్లనూ రాసింది ఎవరు? మొదటిది ప్రధాన థ్రెడ్. రెండోది కబురు తెచ్చిన కొత్త థ్రెడ్. ఇద్దరు వేర్వేరు మనుషులు! ఒకరు రాశాకే ఇంకొకరు రాయాలన్న నియమం ఎక్కడా లేదు. మరి కంట్రోల్ సీ కొట్టిన క్షణంలో ప్రధాన థ్రెడ్ ఏం చేస్తూ ఉంటుంది? కీబోర్డు నుంచి నంబరు కోసం కాచుకుని ఉంటుంది. గంట మోగినప్పుడు ఆ కాపలా ఏమవుతుంది?

మాన్యువల్ తీశాను. అంతకు ముందు పది సార్లయినా చదివిన పేజీ. అందులో ఉంది. కంట్రోల్ సీ పడితే, కీబోర్డు కోసం కాచుకున్న రీడ్, అంటే చదివే ఆదేశం, మధ్యలోనే తెగిపోయి ఖాళీ చేతులతో తిరిగి వస్తుంది. ఎందుకు ఖాళీగా వచ్చావని అడిగితే కారణం కూడా చెబుతుంది. నేను అడగలేదు. ఖాళీగా వచ్చింది కాబట్టి ఎవరో ఊరికే ఎంటర్ కొట్టారని అనుకునేలా రాశాను. నా ముద్దుల సదుపాయం! అయితే కబురు చెప్పే థ్రెడ్ ముందుగా జెండా ఎత్తితే ప్రధాన థ్రెడ్ ఆ జెండా చూసి ఆగిపోతుంది, దొంగ టోకెన్ చేరదు. ప్రధాన థ్రెడ్ ఒక్క పిసరు ముందు లేచిందా, జెండా ఇంకా లేవలేదు, టోకెన్ వరసలో చేరిపోతుంది.

సాయంత్రం దాకా నా కంప్యూటర్ మీద కంట్రోల్ సీ కొట్టాను. వేలు నొప్పి పుట్టింది. ఒక్కసారీ రాలేదు. ప్రతిసారీ జెండాయే ముందు. రాణి గుమ్మం దగ్గర అన్న మాట అప్పుడు మళ్లీ చెవిలో పడింది. నాది పాత కంప్యూటర్, ఒకే ప్రాసెసర్. ఇద్దరు మనుషులున్నా నడవడానికి ఒకే సందు, కొత్తవాడికే ఎప్పుడూ ముందు దారి దొరికింది. ఆసుపత్రిలో ఆ నెలలోనే కొత్త కంప్యూటర్లు పెట్టారు, రెండు ప్రాసెసర్లవి. అక్కడ ఇద్దరూ ఒకేసారి పరుగెత్తుతారు.

రాణి కుర్చీ

బుధవారం ఆసుపత్రికి వెళ్లి ల్యాబ్ ఇన్‌ఛార్జిని బతిమాలాను. యంత్రం కడిగే అరగంట మీరు వాడుకోండి అన్నాడు. ప్రోగ్రాము నకలు ఒకటి వేసి, లాగ్‌లో సెకనులో వెయ్యో వంతు కూడా పడేలా ఒక్క మార్పు చేశాను. రాణిని కుర్చీలో కూర్చోబెట్టాను. నేను పక్కన నిలబడ్డాను. ఆమె ప్రోగ్రాము తెరుస్తుంది, పేరు కొడుతుంది, ఒక నంబరు స్కాన్ చేస్తుంది, కంట్రోల్ సీ కొడుతుంది. పాడైపోయిన లేబుల్ వెనక పెన్నుతో ఒక గీత గీస్తుంది. మళ్లీ మొదలు. పది గీతలు. ఇరవై. లాగ్‌లో ప్రతిసారీ ఒకే లైను, ఆపమన్నారు, ఆపుతున్నాను. ముప్పై. ఇన్‌ఛార్జి గడియారం చూసుకుంటున్నాడు.

నలభై గీతలు దాటాక తెర మీద రెండు లైన్లు పడ్డాయి.

ఎంటర్ కొట్టారు, పాత నంబరు చేర్చాను. దాని కింద, ఆపమన్నారు. రెండిటి మధ్యా సెకనులో వెయ్యో వంతులు రెండంటే రెండు. ఏ మనిషి వేలూ అంత వేగంగా ఒక మీట మీది నుంచి ఇంకో మీట మీదికి వెళ్లలేదు. నేను అరిచానట, నాకు గుర్తు లేదు. పక్క గదిలోంచి ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. రాణీ, ఇప్పుడు ఎంటర్ కొట్టావా అని అడిగాను. లేదండి, మీరు చూస్తూనే ఉన్నారుగా అంది భయంగా. చూస్తూనే ఉన్నాను తల్లీ అని ఆమెను గట్టిగా కావలించుకున్నాను. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పలేను. నా తప్పు నాకు కనిపించినందుకు అంత సంతోషపడిన రోజు నా ఉద్యోగంలో మరొకటి లేదు. ప్రోగ్రాములు రాసే పనిలో ఉన్న సుఖం ఇదే పిల్లలూ. దయ్యం అనుకున్నది పట్టుబడుతుంది, దానికి కాళ్లూ చేతులూ ఉంటాయి.

సాయంత్రం ఆఫీసుకు వెళ్లేసరికి నా కాళ్లు నేల మీద లేవు. మల్హోత్రా సార్ మొత్తం విన్నారు. కనుక్కున్నందుకు ఆయనకూ కళ్లు మెరిశాయి, అది నేను చూశాను. తర్వాత మొహం మారింది. సరిచేసిన ప్రోగ్రామును తర్వాతి వెర్షన్‌లో చప్పుడు లేకుండా పంపిద్దాం, విచారణకు మాత్రం కారణం తేల్చలేకపోయామని రాద్దాం అన్నారు. అలా రాస్తే సోమవారం ఉత్తరమే నిలబడుతుంది, ఆ అమ్మాయి పోతుంది అన్నాను. సార్ కిటికీ వైపు తిరిగారు.

"ఠీక్ హై, వెళ్లండి," అన్నారు. "కానీ కంపెనీ తరఫున కాదు."

ఆయన చెడ్డవారని నేను ఇప్పటికీ అనను. భయపడ్డారు. మీ బాస్ కూడా ఒక రోజు ఇలాగే భయపడతాడు. ఆ రోజు మీరేం చేయాలో ఆయన్ను అడగకండి.

గురువారం

నేను ఒక్కరోజు సెలవు పెట్టి విచారణకు వెళ్లాను. పొడవాటి బల్ల, అవతల ముగ్గురు పెద్దవాళ్లు, ఈ చివర గోడ పక్కన రాణి. ఇల్లు, గంట, కబురు తెచ్చేవాడు, ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాడు అంటూ నాకు చేతనైనట్టు చెప్పాను. లాగ్ కాగితాలు ముందు పెట్టాను. ల్యాబ్ ఇన్‌ఛార్జి తాను చూసింది చెప్పాడు. ముగ్గురిలో పెద్దాయన నా సోమవారం ఉత్తరాన్నీ, ఈ లాగ్ కాగితాలనూ పక్కపక్కన పెట్టుకున్నారు. సోమవారం ఒకటి రాశారు, ఈరోజు ఇంకొకటి చెబుతున్నారు, మేము దేన్ని నమ్మాలి అని అడిగారు.

"సోమవారంది చూడకుండా రాశానండి," అన్నాను. "ఇది చూసి చెబుతున్నాను. తప్పు నాది."

పెద్దాయన రాణి వైపు తిరిగి, మీరు వెళ్లి పని చూసుకోండి, ట్యూబులు ఎదురుచూస్తుంటాయి అన్నారు. అంతే. ఆమె ఉద్యోగం నిలబడింది. ఆ ఆసుపత్రితో మా కంపెనీ పనీ నిలబడింది, సరిచేసిన ప్రోగ్రాము వారంలోగా అన్ని ల్యాబులకూ వెళ్లింది. మార్చింది నాలుగు లైన్లు. రీడ్ ఖాళీగా వస్తే, ఎందుకు ఖాళీగా వచ్చావని అడగడం. గంట వల్లే అయితే, జెండా లేచేదాకా ఆగడం.

నేను గాల్లో తేలుతూ బయటకు వచ్చాను. వరండాలో రాణి నా కోసం నిలబడి ఉంది. దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపాను. కాసేపు ఇద్దరం ఊరికే నవ్వుకున్నాం. అప్పుడు ఆమె చాలా మామూలుగా అడిగింది.

"మేడమ్, నా కంటే ముందు ఇంకెవరి మీదైనా ఇలాంటి ఉత్తరం రాశారా?"

మూడో ఉత్తరం

రాశాను. ఆఫీసుకు వెళ్లి ఫైలు తీస్తే రాణిది కాక మూడున్నాయి, మూడింటి కిందా నా సంతకమే. ఆ లాగ్‌లన్నీ వెతికి తీశాను. మొదటి రెండింట్లో ఎంటర్ పడ్డాక నిమిషాల తర్వాత గానీ ప్రోగ్రాము ఆపలేదు, అవి నిజంగా చెయ్యి జారినవే. మూడోది ఘాజియాబాద్‌లోని ఒక ల్యాబు. అందరికంటే ముందు కొత్త కంప్యూటర్ పెట్టింది వాళ్లే. అందులో రెండు లైన్లూ ఒకే సెకనులో ఉన్నాయి.

టెక్నీషియన్ పేరు దినేశ్. ఫోన్ చేస్తే, అతను వెళ్లిపోయి ఏడాది దాటిందన్నారు. వాళ్లనూ వీళ్లనూ అడగ్గా, ఫరీదాబాద్‌లో ఒక మందుల దుకాణంలో పనిచేస్తున్నాడని తెలిసింది. మరుసటి శనివారం వెళ్లాను. కౌంటర్ ఇవతల నిలబడి, నేనెవరో చెప్పి, జరిగిందంతా చెప్పాను. ల్యాబువాళ్లకు కొత్త ఉత్తరం ఇచ్చాననీ, నకలు తెచ్చాననీ చెప్పాను. అతను కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు.

"మొదట్లో కొట్టలేదనే చెప్పాను మేడమ్," అన్నాడు హిందీలో. "మీ ఉత్తరం చూశాక, కొట్టే ఉంటాననుకున్నాను."

ఇంతలో ఒక పెద్దావిడ చీటీ పట్టుకుని వచ్చింది. దినేశ్ మాత్రల స్ట్రిప్పు తీసి లెక్కపెట్టి కవర్లో వేశాడు. బయటకు తీసి మళ్లీ లెక్కపెట్టాడు. చీటీ చూసుకుని మూడోసారి లెక్కపెట్టాడు. ఆవిడ విసుక్కుంది. లోపలున్న యజమాని నవ్వి, చేరిన రోజు నుంచీ ఇతనిది ఇదే వరస, ఎంత చెప్పినా మానడు అన్నాడు నాతో.

ఆవిడ వెళ్లేదాకా ఆగాను. నీ చెయ్యి ఆ రోజు ఏ తప్పూ చేయలేదు దినేశ్, అది నా తప్పు అన్నాను. జీ మేడమ్ అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిజంగానే నవ్వాడు. తర్వాత వచ్చిన మనిషి దగ్గర చీటీ అందుకుని, స్ట్రిప్పు తీసి లెక్కపెట్టి కవర్లో వేశాడు. ఒక్క క్షణం ఆగి, మళ్లీ బయటకు తీశాడు.